వానలకని దాచిన మాత్రలు

మా ఆయన అరచేతులు బాగుపడుతున్నాయని మొదట గమనించింది నేనే. సంతోషించిందీ నేనే. కడుపులో క్యాన్సరుకి మాత్రలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ చేతులు చూడాలంటే భయంగా ఉండేది. అరచేతులు కమిలి నల్లబడ్డాయి. వేళ్ళ కణుపుల దగ్గర తోలు పొరలుగా లేచింది. చెంబు పట్టుకున్నా మంటే. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే వంగమొక్కల మధ్య వంగి, పార పట్టుకుని బోదెలు సరిచేస్తూ కనిపించాడు.

"ఏటయ్యా, సేతులు తేరుకున్నాయా?" అన్నాను.

"తేరుకోవేటి? రోజూ కొబ్బరినూనె రాస్తన్నాను కదా," అన్నాడు తలెత్తకుండా.

కొబ్బరినూనె మొదటి రోజు నుంచీ రాస్తూనే ఉన్నాం. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది. కానీ మంచి కనిపించినప్పుడు దాన్ని గుచ్చి గుచ్చి అడగాలని ఎవరికి ఉంటుంది? ఊరుకున్నాను. తర్వాతి డ్రిప్పు కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళినప్పుడు నర్సమ్మ ఆయన చెయ్యి తిప్పి చూసి, "అరే వాహ్ అంకుల్, హాథ్ తో ఏక్‌దమ్ ఠీక్ హో గయా," అంది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. తిరిగి ఫెరార్గంజ్ వచ్చే బస్సులో ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నాకు మాత్రం కుదురు లేదు. చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చున్నాను. అన్ని రోజులు పడిన మనిషికి ఒక్కసారిగా ఎలా నయమైంది?

ముందు జరిగింది చెప్పాలి. మాది ట్రంక్ రోడ్డు పక్కన కూరగాయల తోట. మా తాతల కాలంలో సిక్కోలు నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళం. నేను పుట్టిందీ ఆయన పుట్టిందీ ఇక్కడే. బెండ, వంగ, ఆనప, బచ్చలి వేస్తాం. పోయిన ఏడాది ఆయనకి ముద్ద దిగడం మానేసింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందనేవాడు. గ్యాస్ అనుకున్నాం. జీలకర్ర నీళ్ళు, వాము నీళ్ళు అన్నీ అయ్యాయి. చివరికి గొట్టం వేసి చూస్తే తెలిసింది. మెయిన్‌లాండ్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. కడుపు సగానికి పైగా తీసేశారు. పైకి కనిపించిందంతా తీసేశామని, స్కాన్‌లో ఏమీ లేదని, కనిపించనిది ఏమైనా మిగిలి ఉంటే దానికోసం మందు వాడాలని చెప్పి, మిగతా వైద్యం పోర్ట్ బ్లెయిర్‌లోనే చేయించుకోవచ్చన్నారు. ఒక డ్రిప్పు, ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో పొద్దునా సాయంత్రం మాత్రలు, ఒక వారం ఆటవిడుపు. మళ్ళీ డ్రిప్పు. అలా చాలా విడతలు.

కనిపించనిది. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. కనిపించేదైతే తిట్టుకోవచ్చు, తీసి పారేయొచ్చు. ఆయన తింటుంటే ఎదురుగా నిలబడి ప్రతి ముద్దా గొంతు దిగిందో లేదో చూసేదాన్ని. "నీ సూపుకే నాకు ఎక్కిళ్ళొస్తన్నాయి, అవతలికి పో," అని విసుక్కునేవాడు.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక ల్యాబులో పరిశోధన చేస్తోంది. విచిత్రం ఏమిటంటే, తండ్రికి జబ్బు బయటపడకముందే తను కడుపు క్యాన్సరు కణాల మీద పని మొదలుపెట్టింది. జబ్బు తెలిసిన కొత్తలో కొన్ని రోజులు ఆ కణాలు పెంచే గాజు పళ్ళేల ముందు నిలబడలేకపోయానని తర్వాత నాతో చెప్పింది. ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. ఒక ఆదివారం ఆ కాల్ కూడా ల్యాబు నుంచే చేసింది.

"ఆదివారం కూడా డ్యూటీయేటే?" అన్నాడు వాళ్ళ నాన్న.

"సెల్స్‌కి ఫీడింగ్ పెట్టాలి నాన్నా. ఛుట్టీ లేదు వాటికి."

"అంటే క్యాన్సరుకి మేత పెడతన్నావా? ఇక్కడ మీయమ్మ నాకు గంజినీళ్ళు పోస్తంది, అక్కడ నువ్వు దానికి విందు సేస్తన్నావు. బాగుంది యవ్వారం!"

అది పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే అడిగేశాను, ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పవే అని. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మా పక్క వీధి టీచరమ్మ దగ్గర. తెలుగు పేపరు చదువుతాను, ఇలా రాస్తాను. మా అమ్మాయి పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. దానికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అందుకని మా ఇద్దరి మధ్య చదువు సంగతి ఎప్పుడూ నోటిమాటగానే నడుస్తుంది.

అది చెప్పింది ఇది. ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే గేటు తర్వాత గేటు దాటాలి. ప్రతి గేటు దగ్గరా పొమ్మని తోసేవి కొన్ని ఉంటాయి, ఆగమని పట్టేవి కొన్ని ఉంటాయి. బండికి యాక్సిలరేటరు, బ్రేకు ఉన్నట్టు. కడుపు లోపలి పొర ఆమ్లానికి రోజూ అరిగిపోతూ ఉంటుంది కాబట్టి కొత్త పొర పుట్టించడానికి అక్కడ తల్లి కణాలు కొన్ని ఉంటాయి. అవి అవసరం పడేదాకా బ్రేకు వేసుకుని ఊరుకుంటాయి. క్యాన్సరు వచ్చినప్పుడు బ్రేకులు పోయి చాలా కణాలు ఆగకుండా పరిగెడతాయి. కానీ వాటిలో కూడా తల్లి కణాల లాంటివి కొన్ని ఉంటాయట. అవి బ్రేకు వేసుకుని పడుకుంటాయి. మందు ఎక్కువగా తగిలేది పరిగెత్తేవాటికే. పడుకున్నవి తప్పించుకోవచ్చు. ఎప్పుడో బ్రేకు వదిలి మళ్ళీ సంతానం పెంచుతాయి. ఆ బ్రేకుల్లో ఒకదానికి పేరు లేదు, ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె. ఆ బ్రేకు ఎందుకు పడుతుంది, ఎప్పుడు వదులుతుంది అన్నదే మా అమ్మాయి వెతుకులాట.

"మరి దాన్ని లేపి కొట్టాలా, లేవకుండా పడుకోబెట్టాలా?" అన్నాను.

"అదే కదమ్మా గొడవ! కొందరు లేపి చంపేద్దాం అంటారు. కొందరు సోనే దో, పడుకోనీ అంటారు. లేపాక మందు సరిగ్గా తగలకపోతే డేంజర్. పడుకోబెట్టినా ఎన్నాళ్ళు? అభీ తక్ పక్కాగా ఎవరికీ తెలీదు."

పక్కనే చాప మీద పడుకున్న మా ఆయన అంతా విన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది.

ఇక్కడ నత్తల గురించి చెప్పకపోతే ఆయన చేసిన పని ఎవరికీ అర్థం కాదు. మా దీవుల్లో పెద్ద పెద్ద నత్తలున్నాయి, పిడికిలంత. జపానోళ్ళు ఈ దీవుల్ని ఆక్రమించుకున్న కాలంలో వచ్చాయంటారు. వానాకాలంలో సందె వేళకి గుంపులుగా బయల్దేరి, తెల్లారేసరికి నారుమడి నారుమడీ నాకేస్తాయి. తడి గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు పరిచి, వాటికి చేరిన నత్తల్ని ఏరి ఉప్పునీళ్ళ బకెట్టులో వేస్తాం. మందు గుళికలు కూడా చల్లుతాం. వానలు ఆగి ఎండలు ముదిరితే అవి మాయమవుతాయి. చావవు. రాళ్ళ సందున, అరటి మొదళ్ళలో దూరి, గుల్ల నోటికి సున్నం కాగితం లాంటి మూత వేసుకుని పడుకుంటాయి. అప్పుడు గుళికలు చల్లితే దండగ. తినడానికి లేచే నత్త ఉండాలి కదా. అందుకే మా వైపు రైతులంతా వేసవిలో నత్తల మందు డబ్బాలో పోసి, షెడ్డు వాసానికి వేలాడదీస్తారు. మొదటి వాన పడ్డాక దించుతారు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన కొన్నాళ్ళకి, కొడవలి కోసం షెడ్డులోకి వెళ్ళాను. వాసానికి ఎప్పుడూ ఒక డబ్బా వేలాడుతుంది. ఆ రోజు రెండున్నాయి. రెండోది పాలపొడి డబ్బా, మూతకి పైన ప్లాస్టిక్ కవరు, దారంతో గట్టిగా కట్టి. దించి విప్పాను. లోపల ఆయన మాత్రలు. అట్టలకి అట్టలు, ఒక్కటి కూడా చించనివి.

నా కాళ్ళు ఆగలేదు. తోట అంతా తిరిగి ఆయన్ని ఆనపపందిరి కింద పట్టుకున్నాను. డబ్బా ముఖం ముందు పెట్టాను.

"ఇదేటి?"

ఆయన డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. తప్పు చేసినవాడి ముఖం కాదు. పంట గురించి మాట్లాడే ముఖం.

"పారెయ్యలేదు కదే. దాసేను. వానలకి కావాల."

"వానలకా?"

"మన గుంట సెప్పింది నువ్వు ఇన్లేదా? లెగిసి తిరిగేవాటికే మందు తగుల్తాదంట. స్కాన్‌లో ఏటీ లేదన్నారు. అంటే అన్నీ మూతేసుకుని తొంగున్నాయి. ఇప్పుడు మింగితే ఎవడికి? నా సేతులు ఊడిపోడానికా? లెగిసినప్పుడు మింగుతాను. అప్పుడు మందు లేపోతే ఏటి సేస్తావు?"

కోపం కంటే ముందు నాకు కలిగింది ఇంకోటి. ఆయన చెప్పింది ఒక్క క్షణం నాకు నిజమే అనిపించింది. మా ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మరుక్షణం ఆ నిజం ఎవరి ఒంట్లో పెడుతున్నామో గుర్తొచ్చింది.

"నీ పొట్ట ఆనపపాదనుకుంటన్నావేటయ్యా?" అని అరిచాను. "అవి లెగిసినట్టు నీకు ఎవుడు కబురెడతాడు? మొగుళ్ళు అందరికీ బుర్రలో గుజ్జు ఉంటాది, నీకు నత్తలున్నాయి!"

"అరవకు. రోడ్డు మీదకి ఇనిపిస్తంది."

"ఇననీ!"

అప్పటికప్పుడే అమ్మాయికి ఫోన్ చేశాను. ఆదివారం కాకపోయినా ఎత్తింది. విని సన్నగా ఏడుపు గొంతుతో, "నేనే చెప్పాను కదమ్మా ఇదంతా. నేను చెప్పకపోతే నాన్న మింగేవాడు," అంది.

"ఏడవకే. సెప్పు ఆయనకి. నా మాట ఇనడు."

స్పీకరు పెట్టాను. ఆయన పందిరి గుంజకి ఆనుకుని, ఫోన్ వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ విన్నాడు.

"నాన్నా, స్కాన్‌లో కనిపించకపోతే అన్నీ పడుకున్నాయని కాదు. లేచి తిరిగేవి కొన్నే ఉంటే మెషీనుకి దొరకవు. ఇంకోటి, అన్నీ ఒకేసారి పడుకోవు, ఒకేసారి లేవవు. ఈ వారం రెండు లేస్తాయి, వచ్చే నెల ఇంకో నాలుగు. అందుకే కదా ఇన్ని విడతలు. లేచినవి లేచినట్టు దొరకాలని."

"అయితే ఈ మాత్రలతో అన్నీ సస్తాయని రాసిస్తావా?"

"రాసివ్వలేను నాన్నా."

"డాక్టరు?"

"ఆయనా రాసివ్వడు. వేసుకున్నవాళ్ళకి తిరగబెట్టడం తగ్గుతుంది. అంతవరకే తెలుసు."

"సూసావా మరి," అన్నాడు నాతో, గెలిచినట్టు. "సదూకున్నోళ్ళకే తెల్దు."

"నత్తలకి వానాకాలం ఒకటే ఉంటుంది నాన్నా. వీటికి లేదు," అంది అమ్మాయి. "సెల్స్ నత్తలు కావు."

"నత్తల గురించి నాకు సెప్పకు," అని ఆయన పార తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఇంట్లో ఒకచోట నిలవలేకపోయాను. అన్నం వార్చుతూ మధ్యలో వదిలేసి షెడ్డు దాకా వెళ్ళి డబ్బా చూసి వచ్చేదాన్ని. డబ్బా అక్కడే ఉండేది. ఆయన పార పట్టుకుని నిక్షేపంగా పని చేసుకునేవాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు, "భయ్యా తో ఫిట్ హో గయే," అని మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోళ్ళు వింటే నా ఒంటికి కారం రాసినట్టు ఉండేది. ఆయన లోపల ఇప్పుడు ఏది లేస్తోంది? లేచి ఏ గేటు దగ్గర నిలబడింది? ఆ గేటు దగ్గర పట్టి ఆపేది ఉందా, ఊడిపోయిందా? అమ్మాయి చెప్పిన మాటలు మర్చిపోకూడదని క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాను. ఎన్నిసార్లు చదివినా అక్కడున్నంతే ఉంది, ఒక్క మాట పెరగలేదు.

ఒక తెల్లవారుజామున గిన్నెలు తోమడానికి పెరట్లోకి వెళ్ళాను. తోట ఆయనది, పెరడు నాది. మేము పెళ్ళయిన దగ్గర్నుంచి పని అలాగే పంచుకున్నాం. గిన్నెలు తోమిన నీళ్ళు ఒక చిన్న కాలువలోంచి అరటి పిలకల్లోకి పోతాయి. అక్కడ ఏడాది పొడుగునా తడే. వంగి బూడిద తీసుకుంటుంటే కనిపించింది. కాలువ గట్టు మీద ఒక నత్త. కొమ్ములు చాచుకుని, నిదానంగా, ముందురోజు పారేసిన ఆనప తొక్క తింటోంది. దాని వెనక ఇంకొకటి. అరటి ఆకు కింద మరొకటి. నేను వాటిని ఎప్పుడూ చూస్తూనే ఉన్నాను. వేసవి, వాన అని లేదు, ఆ కాలువ దగ్గర రెండో మూడో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఏరి అవతల పారేస్తాను. అది చెప్పుకోవాల్సిన సంగతి అని ఏనాడూ అనుకోలేదు. తోటలో నత్తలు లేవంటే ఇక ఎక్కడా లేవనే కదా ఇంటి లెక్క.

గిన్నెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి ఆయన్ని కుదిపి లేపాను.

"రా. సూపిస్తాను."

"ఏటే, పామా?"

"రావయ్యా!"

లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. వేలు పెట్టి చూపించాను. ఆయన గొంతుక్కూర్చున్నాడు. తొక్క తింటున్న నత్తని పైకెత్తి తిప్పి చూశాడు. అది లోపలికి ముడుచుకుంది. మూత లేదు. మెత్తటి తడి ఒళ్ళు.

"ఎండాకాలంలోనా?" అన్నాడు.

"ఏ కాలంలోనైనా. నీ తోట ఎండిపోతే లోకమంతా ఎండిపోయినట్టేనా? ఇక్కడ రోజూ నీళ్ళు పోస్తన్నాను నేను."

ఆయన అరటి ఆకులు ఒక్కొక్కటే ఎత్తి చూడసాగాడు. ఒక మొదలు దగ్గర మూత వేసుకున్నవి నాలుగైదు అంటుకుని ఉన్నాయి. వాటి పక్కనే ఒకటి మేలుకుని ఉంది. పక్కపక్కనే. ఆయన ఒక్కో మూతా వేలితో తట్టి, మేలుకున్నదాని దగ్గర ఆగాడు. నేను బూడిద చేతుల్తో నిలబడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోగలిగేదాన్ని కాదు.

"పార పట్టి నారు ఎయ్యాలనుకున్నానే," అన్నాడు చివరికి, నత్తతో చెబుతున్నట్టు. "ఈ ఏడు కూడా నేనే ఎయ్యాల. ఆ సేతుల్తో ఎయ్యలేను. సెంబు పట్టుకోలేనోడు పారేటి పడతాడు?"

అప్పుడు తెలిసింది నాకు. వాన, మూత, మేత అన్నీ ఆయన నమ్మిన మాటలే, అబద్ధం కాదు. కానీ వాటి కింద ఇది ఉంది. చేతులు కావాలి ఆయనకి.

"ఆ ముక్క డాక్టరుకి సెప్పేవా?"

"రైతోడి సేతుల గురించి డాక్టరుకేటి?"

ఆ రోజే బస్సెక్కాం. డాక్టరు మాత్రల సంగతి విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మానేసిన మాత్రలు ఇప్పుడు కలిపి మింగకూడదని, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి కొత్త విడతగా మొదలుపెడదామని అన్నాడు. చేతుల గురించి నేనే చెప్పాను. ఆయన చెప్పడని తెలుసు.

"బతాయా క్యోఁ నహీఁ?" అన్నాడు డాక్టరు, ముందే చెప్పకుండా మొత్తం ఎందుకు మానేశారని. "డోస్ కమ్ కర్ సక్తే హైఁ. క్రీమ్ హై. పూరా బంద్ కర్‌నే కీ క్యా జరూరత్ థీ?"

మా ఆయన నేల చూపులు చూశాడు. డాక్టరు మోతాదు కొంచెం తగ్గించాడు, చేతులకి పూయడానికి క్రీము రాశాడు, మెత్తటి తొడుగులు వేసుకోమన్నాడు. వేడినీళ్ళు, ఎండలో పార పట్టడం వద్దన్నాడు. పగలు పార లేకపోతే తోట ఎలాగని నేను అడగలేదు. ఆ లెక్క మా ఇద్దరిదీ.

ఆ సాయంత్రం ఆయన నా ఎదురుగా మాత్రలు మింగాడు. నోరు తెరిచి చూపించమన్నాను. "నేనేటి, గేదెనా?" అన్నాడు గాని తెరిచాడు. షెడ్డు వాసానికి మళ్ళీ ఒక డబ్బానే మిగిలింది.

మిగిలిన విడతలు వేసవి పొడుగునా నడిచాయి. చేతులు మళ్ళీ కమిలాయి, ముందంత కాదు. నారు నేను వేశాను. ఆయన గట్టు మీద కూర్చుని, "అక్కడ ఎడం ఎక్కువైనాది, ఇక్కడ తక్కువైనాది," అని నా ప్రాణం తీశాడు. అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా, "మందు మింగేడా?" అని అడగదు. "నారు ఎలా ఉంది?" అంటుంది. నేను బాగుంది అంటాను. మా ఇద్దరికీ అర్థమవుతుంది.

చివరి విడత అయ్యాక స్కాన్ తీశారు. ఏమీ కనిపించడం లేదన్నారు. కొన్ని నెలలకి మళ్ళీ రమ్మన్నారు. ఆ తర్వాత మళ్ళీ. ఆయన బయటికి వచ్చి కొబ్బరిబొండం తాగాడు, సగం. ఆయన కడుపుకి ఇప్పుడు సగమే పడుతుంది. నేను మిగతా సగం తాగాను. సంతోషంగానే ఉంది నాకు. కానీ ఆ సంతోషం ఒకచోట కూర్చోదు, అటూ ఇటూ తిరుగుతుంది నాలాగే. ఇది రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచానో, ఆయన పళ్ళెం ఖాళీ అయిందో లేదో చూసి వచ్చి మళ్ళీ కూర్చున్నాను.

నిన్న మొదటి వాన పడింది. సందె పడుతుండగా తోటలోకి వెళ్ళాం. నత్తలు అప్పుడే బయల్దేరాయి. ఆయన చేతులకి ఇంకా తొడుగులు ఉన్నాయి కాబట్టి కర్రతో చూపిస్తాడు, నేను ఏరి బకెట్టులో వేస్తాను. "అదిగో, పాదు కింద. అదిగో, రాయి మీద." బకెట్టు నిండింది. గుళికలు చల్లడం అయింది. వాన పెద్దదైంది.

"సాల్లే, రా. తడిసిపోతన్నావు," అన్నాడు.

"ఉండు. ఈ రాళ్ళ కింద సూడలేదు."

"పైకి వచ్చినవన్నీ ఏరేసేం కదే."

నేను వంగి ఒక రాయి తిరగేశాను. ఏమీ లేదు. పక్క రాయి తిరగేశాను. ఆయన రెండోసారి పిలవలేదు. కర్ర చంకలో పెట్టుకుని, తొడుగుల చేతుల్తోనే మూడో రాయి రెండో వైపు పట్టుకున్నాడు. అది పెద్దది, నా ఒక్కదానితో కదిలేది కాదు.